నరం ఎక్కడ దెబ్బతిందో చెప్పేది పిన్నా, ట్యూనింగ్ ఫోర్కా?

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ఓపీలో "కాళ్లు మొద్దుబారాయి సార్" అని ఎవరైనా వస్తే, హౌస్ సర్జన్ చెయ్యి ముందు దూది మీదికి పోతుంది. నేనైతే దూదిని చివరికి నెట్టేస్తాను. దూదితో చూసే తేలికపాటి స్పర్శ వెన్నుపాములో రెండు దారుల్లోనూ పైకి పోతుంది, ఒకటి తెగినా రెండోది కొంత కాపాడుతుంది. కాబట్టి జబ్బు చోటు దూదితో తేలదు. అసలు పోటీ పిన్నుకీ, కొడితే సెకనుకు 128 సార్లు అదిరే ట్యూనింగ్ ఫోర్కుకీ మధ్యే.

నొప్పి దారి వెన్నుపాములో అడుగుపెట్టిన ఒకటి రెండు సెగ్మెంట్లలోనే (ఒక్కో జత నరాలు వచ్చే ముక్కల్లోనే) అవతలి పక్కకు దాటుతుంది. ఫోర్కు అదురు మోసుకెళ్లే దారి మాత్రం వచ్చిన పక్కనే మెదడు అడుగున ఉండే మెడుల్లా దాకా ఎక్కి అక్కడ దాటుతుంది. అందుకే వెన్నుపాము కుడి సగం దెబ్బతింటే కుడికాలికి అదురు తెలియదు, ఎడమకాలికి గుచ్చినా నొప్పి తెలియదు. బ్రౌన్-సెకార్డ్ సిండ్రోమ్ ఇదే.

పిన్ను బలం సరిహద్దు చూపించడంలో ఉంది. కాలి నుంచి పైకి గుచ్చుకుంటూ వస్తే, బొడ్డు దగ్గర నొప్పి తెలియడం మొదలైతే లెవెల్ టీ10 (వెన్నుపాము ఛాతీ భాగంలో పదో సెగ్మెంట్), చనుమొనల దగ్గరైతే టీ4. ఎముక మీద పెట్టే ఫోర్కుతో ఇంత స్పష్టమైన గీత రాదు. కానీ గీత దొరికిందని అక్కడికే ఎమ్మారై రాసి ఊరుకోకండి. కాళ్ల నుంచి వచ్చే నొప్పి తంతులు వెన్నుపాములోని నొప్పి దారిలో బయటి అంచున ఉంటాయి, మెడలో నొక్కుడు ఉన్నా గీత చాలా కిందే కనబడొచ్చు.

బీ12 విటమిన్ లోపంలో లెక్క తిరగబడుతుంది, దెబ్బ ఫోర్కు దారికి తగులుతుంది. రోగి మొహం కడుక్కోవడానికి కళ్లు మూస్తే తూలిపోతున్నానంటాడు, పిన్ను మాత్రం చక్కగా తెలుస్తుంటుంది. ఫోర్కు పెట్టి చూడకపోతే నయమయ్యే జబ్బును ఇంటికి పంపేసినట్టే. మిర్చియార్డులో బస్తాలు మోసే షుగరు మనిషి "చెప్పు జారిపోయినా తెలియట్లేదు" అన్నప్పుడు కూడా బొటనవేలి మీద ఫోర్కు చాలాసార్లు ముందే పట్టిస్తుంది.

వెన్నుపాము మధ్యలో నీటి తిత్తి ఏర్పడే సిరింగోమైలియాలో చేతులు కాలినా తెలియదు, అదురు తెలుస్తుంది. మెడుల్లా పక్క భాగానికి స్ట్రోక్ వస్తే ముఖంలో ఒక పక్క, ఒంట్లో రెండో పక్క నొప్పి పోతుంది. ఈ రెండూ పిన్నుతోనే దొరుకుతాయి.

చోటు కనిపెట్టాలంటే నా ఓటు పిన్నుకే. టైమ్ లేకపోయినా ముందు రెండు బొటనవేళ్ల మీద ఫోర్కు, తర్వాత కాలి నుంచి మెడ దాకా పిన్ను, చివరికి ముఖం రెండు పక్కలా. సిరంజి సూది వద్దు, చర్మం చీలుతుంది. ఒక్కో మనిషికి ఒక కొత్త పిన్ను వాడి పారేయండి.