ఊపు తగ్గించాకే ప్రాణం వచ్చింది: ఇంట్లో కట్టుకున్న మోషన్ సిమ్యులేటర్, రెండేళ్ల తర్వాత

ఆటలో కారు కదలికకు తగ్గట్టు సీటును కదిలించే ఈ రిగ్ గురించి ఎవరడిగినా నేను మోటార్ల దగ్గర మొదలుపెట్టను. మోటార్లను సర్దుకునే ఎస్ఎంసీ3యుటిల్స్ అనే ప్రోగ్రామ్ తెర మీద, మోటార్ ఎంతవరకు తిరగాలో హద్దు పెట్టే క్లిప్ ఇన్‌పుట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అక్కడ మొదలుపెడతాను. రెండేళ్లుగా వారానికి నాలుగైదు రాత్రులు ఈ సీట్లోనే గడుపుతున్నాను. దీని మీద నేను పడ్డ శ్రమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క సెట్టింగ్ ఒక ఎత్తు.

సరంజామా చాలామంది కట్టుకునేదే. రెండు వర్మ్ గేర్ మోటార్లు, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో వాటిని నడిపే ఎస్ఎంసీ3 ప్రోగ్రామ్, పీసీలో ఆట నుంచి కదలికల విలువలు తీసి దానికి పంపే సిమ్‌టూల్స్. సీటు ముందుకూ వెనక్కూ, పక్కలకూ వాలుతుంది.

మొదట్లో నాకు ఒకటే యావ, సీటు వీలైనంత ఎక్కువ కదలాలని. మోటార్ షాఫ్ట్‌కు ఉండే లివర్‌కు 40, 60, 80 మిల్లీమీటర్ల దగ్గర మూడు రంధ్రాలు వేసి, సీటును తోసే రాడ్‌ను 80లోనే బిగించాను. లివర్ మధ్య నుంచి అటు 80 డిగ్రీలు, ఇటు 80 డిగ్రీలు తిరిగేది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. అప్పట్లో సలహా అడిగినవాళ్లందరికీ పొడవాటి లివరే పెట్టుకోమని చెప్పాను. ఆ మాట ఇప్పుడైతే చెప్పను. అరగంట నడిపేసరికి కడుపులో తిప్పేది. తెర మీద మలుపు అయిపోవస్తుంటే, సీటు అప్పుడు వాలేది.

కారణం కాగితం మీద లెక్క వేసుకున్నాక తెలిసింది. గేర్‌బాక్స్ దాటాక నా మోటార్ నిమిషానికి 50 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 300 డిగ్రీలు, అదీ బరువు లేనప్పుడు. మధ్య నుంచి 90 డిగ్రీలకు చేరాలంటే 0.3 సెకను కావాలి. 45 డిగ్రీలకైతే అందులో సగం చాలు. మరి సీటు కదలిక కూడా సగమైపోతుందా అంటే, కాదు. రాడ్ ఎంత దూరం కదులుతుందన్నది దాదాపుగా లివర్ కోణపు సైన్‌ను బట్టి ఉంటుంది. 45 డిగ్రీల దగ్గరే పూర్తి కదలికలో 70 శాతం వచ్చేస్తుంది. మిగతా 45 డిగ్రీల తిరుగుడంతా ఆఖరి 30 శాతం కోసమే. ఆ కాస్త కోసం ఇన్ని నెలలు కడుపు తిప్పుకున్నానా అనిపించింది.

ఆ రాత్రే క్లిప్‌ను 45 డిగ్రీలకు దించి, రాడ్‌ను 60 రంధ్రంలోకి మార్చాను. లివర్ పొట్టిదైతే అదే మోటార్ అంతకంత బలంగా తోస్తుంది. తగ్గిస్తే కదలిక గరుకుగా మారుతుందేమోనని భయపడ్డాను. ఆ భయం అనవసరమే. లివర్ కోణాన్ని కొలిచే పాట్ (పొటెన్షియోమీటర్) తిరిగే 270 డిగ్రీలను ఆర్డుయినో 1024 మెట్లుగా చదువుతుంది, అటూ ఇటూ 45 అన్నా 340 మెట్లు మిగిలాయి. బ్రేక్ నొక్కానో లేదో వీపు సీటు నుంచి విడివడింది. చక్రం గతుకులో దిగిన క్షణమే నడుముకు తెలిసింది. నిజం కారు గట్టిగా బ్రేక్ వేస్తే మన మీద పడే బలం దాదాపు 1 జీ, అంటే భూమ్యాకర్షణ అంత వరకు పోతుంది. సీటును 12 డిగ్రీలు వంచినా మనకు దక్కేది 0.2 జీ. ఎంత వంచినా అసలును అందుకోలేం. కదలిక సరైన క్షణంలో మొదలవుతోందా లేదా అన్నదే నా ఒంటికి తెలుస్తోంది.

సిమ్‌టూల్స్‌లో ఆట విలువల గరిష్ఠాలు పట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆ సమయంలో కారును గోడకు గుద్దితే ఆ దెబ్బే గరిష్ఠంగా నమోదవుతుంది. ఇక మామూలు మలుపులకు సీటు కదిలీ కదలనట్టు ఉంటుంది. నేను రెండు వారాలు మోటార్లను అనుమానించాను.

ఇక ఆ పాడైన రాత్రి సంగతి. ఇది ఎనిమిదో నెలలో, ఇంకా 80 డిగ్రీల రోజుల్లోనే జరిగింది. ర్యాలీ స్టేజ్ మధ్యలో కుడివైపు వాలిన సీటు తిరిగి రాలేదు. కింద మోటార్ మూలుగుతోంది, వైరు కాలుతున్న వాసన. ఎర్ర బటన్ కొట్టేలోపే ఫ్యూజ్ పోయింది. టార్చి వేసి చూస్తే లివర్ 90 దాటి అవతలికి వెళ్లి ఉంది. రాడ్ గేర్‌బాక్స్ బోల్టు తలకు తట్టుకుని, చివరి మరలు వంగిపోయాయి. క్లిప్ ఉంది, దాని పైన మోటార్‌ను ఆపేసే మ్యాక్స్ లిమిట్స్ కూడా ఉన్నాయి. రెండూ పని చేయలేదు. ఎందుకంటే పాట్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులై, పాట్ 20 డిగ్రీలు వెనకబడింది. లివర్ 100 దగ్గరుంటే అది 80 అని చెబుతోంది. ఆ హద్దులు రెండూ పాట్ మాట నమ్మేవే.

అందుకే క్లిప్‌ను ఎంత పొగిడినా దాన్ని కాపలాగా లెక్కపెట్టుకోవద్దు. ఇప్పుడు షాఫ్ట్ మీద నుంచి కప్లింగ్ మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీశాను. గీత విరిగిందంటే స్క్రూ జారినట్టే. సీటు ఎక్కే ముందు రోజూ దాన్నే చూస్తాను. లివర్ కొసల దగ్గర కరెంటును నేరుగా కోసే మైక్రోస్విచ్‌లు పెట్టాను. 45లో ఇంకో లాభం కూడా ఉంది. మళ్లీ 20 డిగ్రీలు జారినా లివర్ 65 దగ్గరే ఆగుతుంది, 90 జోలికి పోదు.

అందరూ ఇలాగే పెట్టుకోవాలని అనను. నా బరువు 68 కిలోలు, నడిపేది ఎక్కువగా ర్యాలీ. విమానాలు ఎగరేసేవాళ్లకు నిదానంగా, ఎక్కువగా వాలే సీటే కావాలేమో. మా బావ నాకంటే 30 కిలోలు బరువు. ఆయన కూర్చున్నప్పుడు, మోటార్ ఎంత చురుగ్గా కదలాలో, ఎంత అదుపుగా ఆగాలో చెప్పే ఇవే కేపీ, కేడీ విలువలతో సీటు హద్దు దాటి ఊగి వెనక్కి వస్తుంది, అందుకే ఆయనకు వేరే సెట్టింగ్ దాచి పెట్టాను. తనకు 60 డిగ్రీలు కావాలని వచ్చినప్పుడల్లా అడుగుతుంటాడు. కుడివైపు మైక్రోస్విచ్‌ను ఇంకాస్త ముందుకు జరిపి చూశాకే ఇస్తానన్నాను.