మ్యూజ్ డేటా క్యూబ్: ఉచితమే, కానీ ల్యాప్‌టాప్‌కి చెమటలు

చిలీలో పరనాల్ కొండ మీది 8.2 మీటర్ల వీఎల్‌టీ టెలిస్కోప్‌కి బిగించిన మ్యూజ్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ (కాంతిని రంగులుగా విడదీసే పరికరం), 2014 నుంచి పనిచేస్తోంది. ఆకాశంలో ఒక ఆర్క్‌నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) చదరాన్ని 24 ముక్కలు చేసి, ఒకేసారి దాదాపు 90,000 స్పెక్ట్రాలు తీస్తుంది. అవన్నీ కలిస్తే డేటా క్యూబ్: ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కో చిత్రం పొర. సాధారణంగా, తీసినవాళ్లకే దక్కే ఏడాది గడువు దాటిన డేటాను ఈఎస్‌ఓ (యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ) ఆర్కైవ్‌లో గుంటూరులోని ఎమ్మెస్సీ విద్యార్థి కూడా పైసా కట్టకుండా దించుకోవచ్చు.

ఒక్కో క్యూబ్ దాదాపు 3 జీబీ. కరెంటు పోతే ఆగిన చోటి నుంచి అందుకునే డౌన్‌లోడర్ వాడండి. 8 జీబీ ర్యామ్ ఉంటే మొత్తం తెరవకండి. కావలసిన స్పెక్ట్రమ్ గీత (ఒక వాయువు ప్రత్యేకంగా వెలిగే తరంగదైర్ఘ్యం) చుట్టూ యాభై పొరలు కోసుకుంటే చాలు.

మసక వాయువు కోసం చూసేవాళ్లకు అసలు తలనొప్పి ఆకాశమే. 700 నానోమీటర్లు దాటాక మన వాతావరణంలోని ఓహెచ్ అణువులు వెలిగించే గీతల్ని తీసేశాక మిగిలే అవశేషాలు గెలాక్సీల్లా నటిస్తాయి. జాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేయొచ్చు, అయితే ముందు గెలాక్సీలు, నక్షత్రాల్లాంటి వస్తువులకు మాస్క్ వేయాలి (లెక్కలోంచి తప్పించాలి). లేదంటే చెత్తతో పాటు గెలాక్సీ చుట్టూ విస్తరించిన మసక కాంతినీ ఊడ్చేస్తుంది. క్యూబ్‌తో వచ్చే వేరియన్స్‌ని (నాయిస్ అంచనాని) గుడ్డిగా నమ్మొద్దు: రీసాంప్లింగ్‌లో (కొలతల్ని క్యూబ్ గడుల్లోకి సర్దేటప్పుడు) పక్క పిక్సెళ్ల నాయిస్ కలిసిపోయి, దోషం తక్కువగా కనిపిస్తుంది. ఖాళీ ఆకాశంలో కొలిచి సరిదిద్దాలి.

ఒంటరి గీత దొరగ్గానే లైమన్ ఆల్ఫా (దూరపు గెలాక్సీల్లో హైడ్రోజన్ గీత) అనేయకండి. జంట శిఖరాలు దగ్గరగా ఉంటే ఆక్సిజన్ కావచ్చు. ఎరుపు వైపు తోక సాగితే లైమన్ ఆల్ఫాకే మొగ్గు.

మ్యూజ్ లోటు నీలం వైపు. మామూలు మోడ్ 480 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాపించడంతో కాంతి ఎరుపు వైపు జరిగిన కొలత) 2.9కి తక్కువైతే లైమన్ ఆల్ఫా చిక్కదు. దానికి హవాయిలోని కెక్ టెలిస్కోప్ మీది ఇలాంటి పరికరం కేసీడబ్ల్యూఐ మేలు. వాతావరణపు కదలికల్ని లేజర్ సాయంతో సరిదిద్దే మోడ్‌లోనైతే, ఆ లేజర్ కాంతిని ఆపడానికి 589 నానోమీటర్ల దగ్గర సోడియం ఫిల్టర్ పెట్టిన కంత ఒకటి.