పాండాస్ లాగ్ ప్లాట్: బొమ్మ బాగుంది, తేదీలే పట్టించుకోదు

మా బాబాయి కిరాణా కొట్టు లెక్కలకి పైథాన్‌లో పాండాస్ అనే లెక్కల లైబ్రరీలోని లాగ్ ప్లాట్ వాడుతున్నాను. పైసా ఖర్చు లేదు, ఒక్క లైను కోడ్ చాలు. ఇవాళ్టి అమ్మకం అడ్డగీత మీద, రేపటిది నిలువుగీత మీద పెట్టి ఒక్కో జతకి ఒక్కో చుక్క వేస్తుంది, అంతే దాని పని. చుక్కలు ఏటవాలుగా బారు కడితే ఇవాళ్టికీ రేపటికీ సంబంధం ఉన్నట్టు, చెల్లాచెదురుగా పడితే బహుశా లేనట్టు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కొట్టుకి వారం సంతే ప్రాణం, పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తారు. లాగ్ (అంటే జతలోని రెండు రోజుల మధ్య ఎడం) 1 పెడితే మామూలు రోజులన్నీ కింద ఎడమ మూల గుంపుగా పడ్డాయి, సంత ముందురోజు చుక్కలు పైకీ సంత రోజువి కుడికీ పోయి రెండు చేతులు చాచినట్టు కనిపించింది. లాగ్ 7 పెట్టగానే ఆ చేతులు మాయం, సంతలన్నీ పై కుడి మూల చేరాయి. బాబాయికి గ్రాఫులంటే పడదు గానీ ఇది చూపిస్తే "అది సంతేరా" అని వెంటనే పట్టేశాడు. దసరా ముందు విపరీతంగా అమ్మిన ఒక్క రోజు రెండు చోట్ల విడిచుక్కగా వస్తుంది, ఒకసారి ఇవాళగా, ఒకసారి రేపుగా. అది తెలియక రెండు వింతలు జరిగాయనుకోకండి.

ఇక నాకు చిరాకు తెప్పించేది తేదీల సంగతి. రజ పండగకి మూడు రోజులు కొట్టు కట్టేస్తే పద్దులో ఆ వరసలే ఉండవు, ఇదేమో తేదీ వైపు చూడకుండా వరసలు లెక్కపెట్టుకుంటూ పోయి పది రోజుల ఎడాన్ని ఏడు రోజులనుకుని జత కట్టేస్తుంది, హెచ్చరిక కూడా ఉండదు. ముందు తేదీలని ఇండెక్స్‌గా (వరసల గుర్తుగా) పెట్టి, ఆస్‌ఫ్రెక్ (asfreq) అనే పాండాస్ ఆదేశంతో ప్రతి తేదీకీ ఒక వరస ఉండేలా చేసేయండి. మూసిన రోజులు ఖాళీగా నిలుస్తాయి, ఖాళీ ఉన్న జతకి చుక్క పడదు.

ఆర్ అనే గణాంకాల భాషలో ఉన్న లాగ్ ప్లాట్ అయితే నాలుగైదు లాగ్‌లు ఒకే కాగితం మీద వేసి, మధ్యలో ఏటవాలు గీత కూడా గీస్తుంది. ఇక్కడ ఆ లూప్ మనమే రాసుకోవాలి. అయినా ఐదుకి నాలుగు ఇస్తాను, ఎందుకంటే సహసంబంధం నంబరు (రెండూ ఒకే బారులో ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) దాచేసే వంపుల్ని ఇది చూపిస్తుంది. లాజిస్టిక్ మ్యాప్ అనే సూత్రాన్ని (ఒక్కో విలువ నుంచి తర్వాతి విలువ లెక్కగట్టేది) గుణకం 4తో నడిపి చూడండి, ఆ నంబరు సున్నా దగ్గరే ఉంటుంది, బొమ్మలో మాత్రం బోర్లించిన గిన్నె ప్రత్యక్షం.

నంబర్లు కావాలంటే అదే పాండాస్‌లో ఆటోకోరిలేషన్ ప్లాట్ ఉంది, ఒక్కో లాగ్‌కి సహసంబంధం ఎంతో గీస్తుంది, 95, 99 శాతం నమ్మకపు హద్దు గీతలతో సహా. కాకపోతే దానికి ఖాళీలు అస్సలు గిట్టవు, ఒక్కటి ఉన్నా సహసంబంధం గీతే పడదు, లాగ్ ప్లాట్‌కేమో ఖాళీలు ఉంచితేనే లెక్క సరిపోతుంది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లే మరి.