నమట్జిరా కొండల్లో నాలుగు రోజులు, మామయ్యతో

ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్తున్నామంటే అడిలైడ్‌లో మా తెలుగువాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఉలూరుకేగా?" కాదు. ఆస్ట్రేలియా నడిమధ్యనున్న ఆ పెద్ద ఎర్రబండ, ఉలూరు, ఆలిస్ నుంచి ఇంకో 450 కిలోమీటర్లు. మేం వెళ్ళింది నీటిరంగుల బొమ్మల కోసం.

మా మామయ్య రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేశాడు. సిడ్నీ ఒపేరా హౌసూ, మెల్‌బోర్న్ ట్రాములూ ఆయనకి ఏమాత్రం ఎక్కలేదు. మా ఇంట్లో పాత క్యాలెండర్లో ఒక బొమ్మ చూసి మాత్రం అక్కడే ఆగిపోయాడు. తెల్లటి చెట్టు, వెనకాల ఊదారంగు కొండ. "ఇదెవరు వేశారే?" అన్నాడు. ఆల్బర్ట్ నమట్జిరా అని, ఇక్కడి ఆదివాసీ చిత్రకారుడని చెప్పాను. జులై సెలవులకి టికెట్లు కొనేశాం.

ముందు సణుగుడు కానిచ్చేస్తాను. మోటెల్ రాత్రికి 190 డాలర్లు, హీటర్ పనిచెయ్యదు. జులై ఇక్కడ చలికాలం, ఎడారి రాత్రి సున్నా కిందకి పోతుంది. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు, అంతే. అద్దెకారు సంగతి ఇంకా ఘోరం. రోజుకి 100 కిలోమీటర్లే ఉచితం, ఆపైన కిలోమీటరుకి 30 సెంట్లు. పైగా చీకటి పడ్డాక ఊరు దాటితే ఇన్సూరెన్సు చెల్లదట. రోడ్డు మీదికి కంగారూలూ పశువులూ వస్తాయి కాబట్టి ఆ షరతు న్యాయమే. కానీ కొండలు రంగు మారేది పొద్దు పొడిచేటప్పుడూ, వాలేటప్పుడూ. బుక్ చేసే ముందే ఇది చదువుకోండి. లేదంటే ఆర్మిస్టన్ గార్జ్ క్యాంపులో చోటు ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, కొండల మధ్యే పడుకోండి. డెబ్భై రెండేళ్ళ మామయ్యని గుడారంలో పడుకోబెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

మొదటి రోజు అరలూయెన్ ఆర్ట్స్ సెంటర్. అక్కడ నమట్జిరా బొమ్మలూ, ఆయనకి నీటిరంగులు నేర్పిన రెక్స్ బాటర్‌బీ బొమ్మలూ ఉన్నాయి. బాటర్‌బీ మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుడు. 1936లో రెండు నెలలు కొండల్లో బొమ్మలేసుకోడానికి వస్తే ఒంటెలు తోలడానికి నమట్జిరా వెళ్ళాడు. కూలికి తోడు బొమ్మల పాఠం. రెండేళ్ళకి, 1938లో, మెల్‌బోర్న్‌లో నమట్జిరా సొంత ప్రదర్శన పెడితే బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. "మన దామెర్ల రామారావుకి కూల్డ్రే దొర దొరికినట్టు," అన్నాడు మామయ్య. దామెర్ల రాజమండ్రి చిత్రకారుడు, కూల్డ్రే ఆయన్ని ప్రోత్సహించిన ఇంగ్లీషు ప్రిన్సిపాలు. రాజమండ్రి వాళ్ళకి ప్రపంచమంతా ఆ దామెర్ల గ్యాలరీ గుమ్మంలోంచే కనిపిస్తుంది.

ఈ యాత్రలో ఒక్కచోటే చూసే వీలుంటే ఇల్ట్జా న్ట్జారా స్టూడియోకి వెళ్ళండి. ఎన్నో చేతులు అని ఆ పేరుకి అర్థం. నమట్జిరా తెగ అయిన పశ్చిమ అరండా ఆదివాసీ చిత్రకారులదే ఆ సంస్థ. నమట్జిరా మనవలూ మునిమనవలూ, ఆయనతోపాటు వేసిన పరేరూల్‌ట్జా అన్నదమ్ముల కుటుంబం వాళ్ళూ అక్కడ వేశారు. హ్యూబర్ట్ పరేరూల్‌ట్జా 2020లో ప్రకృతి చిత్రాలకిచ్చే విన్ ప్రైజు గెలిచాడు. అదే ఏడాది ఆల్బర్ట్ మునిమనవడు విన్సెంట్ నమట్జిరా మనుషుల ముఖచిత్రాలకిచ్చే ఆర్చిబాల్డ్ ప్రైజు కొట్టాడు. 1921లో మొదలైన ఆ బహుమతిని అంతకుముందు ఏ ఆదివాసీ చిత్రకారుడూ గెలవలేదు. విచిత్రమేమిటంటే 1956లో ఆ బహుమతి తెచ్చిపెట్టింది ఆల్బర్ట్ ముఖమే, గీసింది మాత్రం విలియం డార్గీ.

ఒక పెద్దావిడ బల్ల దగ్గర కూచుని వేస్తోంది. చూడొచ్చా అని అడిగితే తల ఊపింది. ఫోటో మాత్రం వద్దంది, అడక్కుండా తియ్యకండి. కాగితం పైభాగం తడిపి ఆకాశం దింపింది. అది ఆరేలోగా గుడ్డతో కుంచె తుడుచుకుంటూ దూరపు కొండని పల్చటి ఊదాలో లాగింది. చెట్టు మొదలు రావలసినచోట కుంచె పక్కకి తప్పుకుని వెళ్ళింది. మామయ్య నా మోచెయ్యి గిల్లాడు. "తెల్లరంగు పెట్టలేదే, కాగితమే తెలుపు." ఇది ఏ చోటు అని నా చేత అడిగించాడు. ఆవిడ ఒక పేరు చెప్పి, మా అమ్మవాళ్ళది అంది. నచ్చిన కొండల్లా వేసెయ్యరు వీళ్ళు. తల్లి తరఫునో తండ్రి తరఫునో తమకి సంబంధించిన నేలే వేస్తారు.

అలాగని తాతగారి బొమ్మే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారనుకోకండి. సామాను మోసుకునే గళ్ళ ప్లాస్టిక్ సంచుల మీద అవే కొండలు వేసిన పనులున్నాయి, తలదాచుకోడానికి ఇళ్ళు లేని సంగతి చెప్తూ. నా మట్టుకు ఫ్రేములోని బొమ్మలకన్నా అవే గుచ్చుకున్నాయి.

మర్నాడు హెర్మన్స్‌బర్గ్, అరండా పేరు న్టారియా. దాదాపు 130 కిలోమీటర్లు, చివరిదాకా తారురోడ్డే. చిన్న కారు చాలు. 1877లో జర్మన్ లూథరన్ మిషనరీలు పెట్టిన ఊరిది. సున్నం వేసిన రాతి ఇళ్ళు, ఖర్జూరపు చెట్లు. టీ గదిలో యాపిల్ స్ట్రూడల్ బావుంది, టీ సంగతి అడక్కండి. నమట్జిరా పుట్టింది ఇక్కడే, 1902లో. ఊరి శివార్లలో ఆయన కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఉంది. దేశమంతా పేరున్న మనిషికి ఆలిస్‌లో ఇల్లు కట్టుకోడానికి మాత్రం అనుమతి దొరకలేదు. 1957లో ఆయనకీ భార్యకీ పౌరహక్కులిచ్చారు. మద్యం కొనుక్కోవచ్చు, తనవాళ్ళకి ఇవ్వకూడదు. ఇచ్చాడని మరుసటేడు కేసు, శిక్ష. 1959లో పోయాడు. 1983లో ప్రభుత్వ ట్రస్టీ ఆయన బొమ్మల కాపీరైటుని 8,500 డాలర్లకి ఒక ప్రచురణ సంస్థకి అమ్మేశాడు. 2017లో ఒక డాలరుకి అది కుటుంబం ట్రస్టుకి తిరిగొచ్చింది. ఈ సంగతి విన్నాక మామయ్య మా ఇంటి క్యాలెండర్ ఏ సంవత్సరానిదని అడిగాడు.

మూడో రోజు ఆర్మిస్టన్ గార్జ్. వెస్ట్ మెక్‌డొనెల్ పార్కుకి మేం వెళ్ళినప్పుడు బయటి రాష్ట్రాలవాళ్ళు పాస్ కొనాల్సి వచ్చింది, రోజుకి మనిషికి 10 డాలర్లు. స్టాండ్లీ కాజమ్‌కి విడిగా టికెట్. మేం అది మానేశాం, విచారం లేదు. దారిలో గోస్ట్ గమ్ అనే తెల్ల చెట్టు దగ్గర ఆగాం. మన జామాయిల్‌కి చుట్టమే. మొదలు మీద చెయ్యి రాస్తే సున్నంలా తెల్లపొడి అంటుకుంది. మామయ్య రంగుల పెట్టె విప్పి బండ మీద కూచున్నాడు. గోదావరి గట్టున తడిరంగులు పరిచిన అలవాటు ఆ చేతిది. ఇక్కడి గాలికి ఆకాశం సగం దిగకుండానే కాగితం ఆరిపోయి గీతలు కట్టింది. రెండోది నీళ్ళెక్కువై, ఊదా వచ్చి చెట్టులోకి పాకింది. మూడోది ముట్టుకోకుండా, "పద, చీకటి పడితే కారువాళ్ళు ఊరుకోరన్నావుగా," అని లేచాడు.

సాయంత్రం ఆంజాక్ హిల్ ఎక్కాం. ఊళ్ళోనే కాబట్టి షరతు అడ్డురాదు, టికెట్ లేదు. పడమటి కొండలు ముందు ఇటుక రంగు, తర్వాత గులాబీ, చివరికి ఆ ఊదా. క్యాలెండర్ బొమ్మలో రంగు కాస్త ఎక్కువేశాడని నేను ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని.

నాలుగో రోజు స్టూడియోకి మళ్ళీ వెళ్ళి ఆ పెద్దావిడ బొమ్మే కొన్నాం. 260 డాలర్లు, చిత్రకారిణి వివరాలతో ధ్రువపత్రం ఇచ్చారు. కారు తిరిగిచ్చేటప్పుడు 240 కిలోమీటర్లు అదనం తేలి 72 డాలర్లు కట్టాను. విమానంలో మామయ్య బొమ్మని పై అరలో పెట్టనివ్వలేదు, రెండు గంటలూ ఒళ్ళోనే పెట్టుకున్నాడు.