మోకాలు బాగానే ఉంది, చెప్పాల్సింది లాడ్జి గురించి

విశాఖపట్నంలో కుడి మోకాలు మార్పించుకుని వచ్చి ఈ సోమవారానికి పదకొండు వారాలు. ఆపరేషన్ ఎలా జరిగిందని అందరూ అడుగుతున్నారు. బాగానే జరిగింది. తర్వాత ఆ ఊళ్ళో ఎక్కడ ఉన్నారని మాత్రం ఒక్కరూ అడగరు. నా ఏడుపంతా అక్కడే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఊరు 1936 నుంచి ఒడిశాలో ఉంది, నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అది ఆంధ్రా. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. ఒంట్లో బాగోకపోతే మాత్రం బరంపురమా, భువనేశ్వరా, విశాఖా అని మూడు రోజులు పంచాయితీ పెట్టడం ఇక్కడ ప్రతి ఇంట్లో మామూలే. మావారు బరంపురం అన్నారు, మెడికల్ కాలేజీలో తెలిసినవాళ్ళున్నారని. నేను విశాఖ అన్నాను. నొప్పిని తెలుగులో చెప్పుకోవాలని నాకు. గుంజుతోందా, సలుపుతోందా, పోటు పెడుతోందా అన్నది ఇంకో భాషలో నాకు చేతకాదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు గుణుపురం పాసింజర్‌లో కూర్చుని వెళ్ళాం. టికెట్ డబ్బులు లెక్కలోకి రావు కానీ ఆ మెట్లు ఎక్కి దిగడానికే సగం ప్రాణం పోయింది. పరీక్షలకు 4,350 రూపాయలు. అంతా అయ్యాక డాక్టరుగారు మూడు నెలల షుగర్ సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 8.4 ఉందని చూసి, ఇది 7.5 లోపు దించుకుని రండి, లేదంటే లోపల చీము పడితే పెట్టిన కీలు మళ్ళీ తీయాల్సొస్తుంది అని ఇంటికి పంపేశారు. పుచ్చిన పన్ను కూడా ముందే పీకించుకోవాలట. మోకాలికీ పంటికీ సంబంధమేమిటని మావారు దారంతా సణిగారు. నోట్లో చీముంటే అందులోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలు దగ్గర చేరతాయట. పన్ను పోయింది, అన్నం సగమైంది, రెండు నెలల్లో 7.2 కి దిగింది.

ఆ రెండు నెలలూ చేయమన్న పని ఇంకోటి ఉంది. మంచం మీద కాలు చాచి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి అయిదు లెక్కపెట్టి వదలాలి. రోజుకు మూడు పూటలు, పూటకు ఇరవై. తొడ కండ ముందే గట్టిపడితే ఆపరేషన్ అయ్యాక లేచి నిలబడటం తేలికవుతుందని. బద్ధకించకండి, నా పక్క బెడ్డావిడ ఇవేమీ చేయకుండా వచ్చి చాలా అవస్థపడింది.

ఆసుపత్రి గురించి పెద్దగా రాయడానికి ఏమీ లేదు. నడుముకి మత్తిచ్చారు, మర్నాడు పొద్దున్నే వాకర్ పట్టుకుని నిలబెట్టారు, నాలుగో రోజు పంపేశారు. అంతా కలిపి 1,95,000. మా ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు అక్కడ ఈ ఆపరేషన్‌కి పనికిరాదన్నారు, ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్య పథకానికి మేము ఆంధ్రావాళ్ళం కాము. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ప్యాకేజీ అంటే ఏమేమిటని అడగండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధర పెట్టింది. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం కీలుకి అప్పుడు 54,720 రూపాయలు, పైన జీఎస్టీ. ఇప్పటి ధర ఎంతో చెప్పమని బిల్లు రాసేచోట అడిగాను. కీలు ధర విడిగా వేయించుకుని, దాని డబ్బా మీది స్టిక్కర్ నా ఫైల్లో అతికించమన్నాను. ఆ అమ్మాయి ముఖం చిట్లించింది కానీ అతికించింది. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, కూడికలు చూడకుండా సంతకం పెడతానా.

ఇక లాడ్జి.

కుట్లు విప్పడానికి పద్నాలుగో రోజు రమ్మన్నారు. అందాకా ఊళ్ళోనే ఉండాలి. గాజువాకలో మేనల్లుడు ఉన్నాడు, "అత్తా, మా ఇల్లుండగా లాడ్జి ఏటి?" అని అలిగాడు. వాడిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని ఆసుపత్రికి దగ్గర్లో ఉందని ఒక లాడ్జికి మావారు ముందే ఫోన్ చేశారు. లిఫ్టు ఉందా? ఉంది సార్. వెస్ట్రన్ టాయిలెట్టా? అవును సార్. రోజుకు 1,400, ఏసీ లేకుండా.

అబద్ధమేమీ చెప్పలేదు పాపం. లిఫ్టు ఉంది. దాని దాకా వెళ్ళడానికి ఏడు మెట్లు ఉన్నాయి.

ఆటో దిగి ఆ ఏడు మెట్లు చూసి మావారు నా వంక చూడలేదు, మేనేజరు వంకా చూడలేదు, ఆకాశం వంక చూశారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని ఆ పొద్దునే ఆసుపత్రిలో నేర్పారు. ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకోవాలి. ఆ రెయిలింగ్ పొడుగునా తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. మావారు ఒక్కో తువ్వాలూ తీసి భుజాన వేసుకుంటూ ముందు వెళ్తే, నేను వెనకాల ఎడమ కాలు వేసి, కుడి కాలు లాగి, ఆగి, మళ్ళీ ఎడమ కాలు. ఏడు మెట్లకు పదకొండు నిమిషాలు. పైకెళ్ళేసరికి మావారి భుజాల మీద తొమ్మిది తువ్వాళ్ళు. నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి నాకు.

రిజిస్టర్ దగ్గర ఇంకో ముచ్చట. ఆధార్ మీద ఒడియా అక్షరాలు చూసి, "ఒడిశావాళ్ళా? అయితే అడ్వాన్స్ ఇంకో రెండు వేలు కట్టాలి మేడం" అన్నాడు. ఎందుకంటే రూలట. కట్టాం. "తెలుగు బాగా మాట్లాడుతున్నారే" అని పైగా మెచ్చుకోలు. తెలుగు మీడియంలోనే లెక్కలు చెప్పాను బాబూ అన్నాను, వినిపించుకోలేదు.

అసలు కథ రాత్రి బాత్రూంలో. గడప ఆరంగుళాలు ఎత్తు, లోపల నున్నటి టైల్స్. కమోడ్ వెస్ట్రనే, కాదనను, కానీ పిల్లల బడిలో పెట్టినంత కిందికి ఉంది. మర్నాడు కొలిపించాను, 14 అంగుళాలు. మోకాలు సరిగా వంగని మనిషి అంత కిందికి కూర్చోవడమంటే ఆఖరి జానెడు దబ్బున పడటమే. పడ్డాను. లేవడానికి గోడకి కడ్డీ లేదు. మావారు ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఇచ్చి లాగబోయారు, ఆయనకి నడుం నొప్పి, నాకు కుట్లు. ఇరవై నిమిషాలు అలాగే ఉండిపోయాం. చివరికి వాకర్‌ని కమోడ్‌కి అడ్డంగా పెట్టి ఆయన దాని మీద కూర్చుని బరువేస్తే, నేను దాన్ని పట్టుకుని లేచాను. నలభై రెండేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన పనుల్లో ఇంత కష్టమైంది లేదు.

పొద్దున్నే ఆయన కేజీహెచ్ అనే ప్రభుత్వ పెద్దాసుపత్రి దగ్గరి సర్జికల్ షాపులకి వెళ్ళి కమోడ్ మీద బిగించే ప్లాస్టిక్ ఎత్తు సీటు తెచ్చారు, 1,750. నాలుగంగుళాలు లేస్తుంది. లాడ్జివాడు అది పెడితే కమోడ్ పగులుతుందని గొడవ. బకెట్ వేడినీళ్ళకు 30 రూపాయలు. మోకాలికి రోజుకు నాలుగైదుసార్లు ఐసు పెట్టాలి, వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. ఎదురుగా చెరకురసం బండి కుర్రాడు మాత్రం 20 రూపాయలకు కవరు నిండా ఐసు ఇచ్చి, రెండో రోజు నుంచి డబ్బులు వద్దన్నాడు. మూడో రాత్రి మావారు అన్నం ముట్టలేదు. "తప్పు నాదే, కొలతలు అడగలేదు" అన్నారు. ఆయన నోట తప్పు నాదే అన్న మాట విన్నందుకు ఆ లాడ్జికి ఒక మార్కు వేయవచ్చు.

నాలుగో రోజు ఖాళీ చేశాం. ఖాళీ చేస్తామని ముందే చెప్పలేదంటూ, అడ్వాన్స్ కింద ఎక్స్‌ట్రా కట్టించుకున్న రెండు వేలూ తిరిగివ్వలేదు. నేను పోట్లాడతానంటే మావారు వద్దన్నారు, ఆటో ఎక్కుదాం పద అన్నారు.

మేనల్లుడు వెతికిపెట్టిన ఇల్లు ఎంవీపీ కాలనీలో, కింది వాటా, రోజుకు 1,100. నేనైతే దానికి రెండు వేలైనా ఇస్తాను. ఒక్క మెట్టు. ఇంటావిడకి డెబ్బై ఏళ్ళుంటాయి, ఆవిడ ఎడమ మోకాలు అయిదేళ్ళ కిందట మార్పించుకున్నారట, అందుకే అడక్కుండానే మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించారు. మంచం ఎత్తుగా ఉంటే లేవడం ఎంత హాయో ఆ రోజు తెలిసింది. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే, "ఆ దిండు తియ్యండమ్మా, సుఖంగానే ఉంటుంది గానీ కాలు అలా వంకరగానే ఉండిపోతుంది, మడమ కింద పెట్టుకోండి" అన్నారు. డాక్టరు చెప్పిందీ అదే, నేనే మర్చిపోయాను.

భోజనం మాట కూడా చెప్పాలి. నొప్పి మాత్రలతో అయిదు రోజులుగా కడుపు బిగుసుకుపోయి ఉంది, ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఆవిడ పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, మధ్యాహ్నం ఆనపకాయ పులుసు, రాత్రి మెంతి చారు పెట్టారు. ఆరో రోజు పొద్దున బాత్రూం నుంచి వచ్చి నేను ఎంత సంతోషపడ్డానో, మోకాలు వంగినప్పుడు కూడా అంత పడలేదు. ఇద్దరికీ మూడు పూటలకు 450.

కుట్లు విప్పించుకుని మర్నాడు కారులో వచ్చేశాం, 5,200, టోల్ విడిగా. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపించుకున్నాను. గంటకోసారి ఆపమని షరతు. కదలకుండా కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. నాతవలస టోల్‌గేట్ దాటాక ఒకసారి, మడపాం దగ్గర ఒకసారి దిగి వాకర్‌తో నాలుగడుగులు వేశాను. లారీ డ్రైవర్లు టీ తాగుతూ చూశారు. చూడనీ.

ఇంటికొచ్చిన మూడో రోజు పిక్క వాచి గట్టిపడింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే వెంటనే డాప్లర్, అంటే రక్తం గడ్డకట్టిందేమో చూసే స్కానింగ్, తీయించమన్నారు. శ్రీకాకుళం పరుగెత్తాం, స్కానింగ్ 1,800, కారు 2,500, ఏమీ లేదని తేలింది. డబ్బులు పోయాయని మావారు గొణిగితే మొదటిసారి ఆయన మీద గట్టిగా అరిచాను.

ఫిజియోథెరపీకి మా ఊరి పిల్లే వస్తోంది, ఒడియా అమ్మాయి, పూటకు 400, ఇప్పటికి ఇరవైసార్లు. కాలు వంచుతూ "మావుసీ, ఆఉ టికే" అంటుంది, అంటే ఇంకొంచెం అని. ఆ ఇంకొంచెం దగ్గరే నాకు దేవుళ్ళంతా కనిపిస్తారు. బళ్ళో బోర్డు మీద గీసే పెద్ద చెక్క కోణమానిని అటక మీద ఉంటే దింపించాను. కాలు చాచితే సున్నా అని వాళ్ళ లెక్క, మన కోణమానినిలో అది 180, తీసివేసుకోవాలి. మావారు మోకాలి పక్కన దాన్ని ఆనించి, కళ్ళజోడు సర్దుకుని చదివి, క్యాలెండర్ మీద రాస్తారు. ఊరొచ్చినప్పుడు 78. నెలకి 95. నిన్న 112. ఒక రోజు 90 ఉంటే 92 అని రాశారు, నాకు ధైర్యం చెప్పడానికట. కొట్టేయించాను.

వాపు సాయంత్రాలు ఇంకా ఉంది, ఆరు నెలలైనా పట్టొచ్చన్నారు. గాటు పక్కన అరచేయంత మేర స్పర్శ లేదు, అదీ మామూలేనట. కింద కూర్చోవడం మానేశాను, పీట మీద కూర్చుని కూరలు తరిగే రోజులు పోయాయి.

ఎడమది చలికాలంలో చేయించుకుంటాను. ఎంవీపీ కాలనీ ఆవిడ అప్పుడు కొడుకు దగ్గరికి వెళ్తారట, ఇల్లు ఉండదు. మావారు నిన్న ఇంకెవరికో ఫోన్ చేసి, నమస్కారం కూడా చెప్పకుండా, కమోడ్ ఎన్ని అంగుళాలండీ అని అడిగారు. అవతలివాడు తప్పు నంబరనుకుని పెట్టేశాడు. మళ్ళీ చేశారు. పద్దెనిమిది అన్నాడట. మెట్లెన్ని అంటే, చూసి చెప్తానన్నాడట.