స్టీమ్ డెక్ ఓలెడ్: కొత్త మోజు తీరాక కూడా చేతిలోనే ఉంది

ముందే చెప్పేస్తాను. ఇంట్లో మంచి గేమింగ్ పీసీ ఉండి, గంటల తరబడి దాని ముందు కూర్చునే తీరిక ఉన్నవాళ్లకి స్టీమ్ డెక్ అక్కర్లేదు. వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ చేసిన, చేతిలో పట్టుకుని వీడియో గేమ్స్ ఆడుకునే చిన్న కంప్యూటర్ ఇది. ఆటల మీద ఇష్టం చావక, టైమ్ మాత్రం చిక్కని మాలాంటి వాళ్లకే ఇది. బాబుని పడుకోబెట్టి, గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దేశాక, మర్నాటి మీటింగ్ టెన్షన్ మొదలయ్యేలోపు ఒక అరగంట మిగిలితే గొప్ప. ఆ అరగంటకి ఇంతకంటే పనికొచ్చే వస్తువు నాకు దొరకలేదు.

నాది 2023 నవంబర్‌లో వచ్చిన ఓలెడ్ మోడల్, 512 జీబీది. అది వచ్చినప్పుడు ధర 549 డాలర్లు, టాక్స్ అదనం. 2022లో వచ్చిన పాత ఎల్‌సీడీ మోడల్‌తో పోలిస్తే స్క్రీన్ 7.4 అంగుళాలకి పెరిగింది, కదలికలు నున్నగా కనిపించేలా 90 హెర్ట్జ్ వచ్చింది, బ్యాటరీ 40 వాట్ అవర్ల నుంచి 50కి చేరింది. మిగతా స్పెక్స్ వల్లించను. లైటు ఆర్పేసిన గదిలో చూస్తే ఆ స్క్రీన్‌లో నలుపు నిజంగా నలుపే. ఫ్యాన్ చప్పుడు పక్కన పడుకున్న మనిషిని లేపదు, మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఇన్నాళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే నచ్చింది ప్రాసెసర్ కాదు, పైన ఉన్న పవర్ బటన్. ఆట మధ్యలో నొక్కితే అక్కడికక్కడే నిద్రపోతుంది. మళ్లీ నొక్కితే కొన్ని క్షణాల్లో అదే చోట, కత్తి ఎత్తిన భంగిమలోనే లేస్తుంది. సేవ్ పాయింట్ దాకా ఆగాల్సిన పని లేదు. బాబు ఏడిస్తే బటన్ నొక్కి లేచిపోవడమే. హేడీస్ అనే ఆట పూర్తి చేసింది నేను ఇలా ముక్కలు ముక్కలుగానే. పొలం సాగు చేసే ఆట స్టార్డ్యూ వ్యాలీలో అయితే ఒక్కో రాత్రికి ఆటలోని రెండు మూడు రోజుల వ్యవసాయం.

లోపల నడిచేది విండోస్ కాదు, లినక్స్ మీద కట్టిన స్టీమ్ ఓఎస్. విండోస్ కోసం రాసిన ఆటల్ని ప్రోటాన్ అనే పొర ద్వారా నడుపుతుంది. వాడేవాళ్లకి ఆ సంగతి దాదాపు తెలియను కూడా తెలియదు. వాల్వ్ వాళ్ల ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో ఎప్పుడో సేల్‌లో కొని పడేసిన ఆటలన్నీ లాగిన్ అవగానే ఎదురుగా కనిపిస్తాయి, మళ్లీ కొనక్కర్లేదు. పుణె వాళ్లు చేసిన రాజీ అనే ఆట అలాగే బయటపడింది. కొన్నప్పుడు ఆడనే లేదు, డెక్ మీద ఆడితే ఆ గోడల మీది బొమ్మల రంగులు కళ్లు చెదిరేలా ఉన్నాయి.

ఇక తలనొప్పుల సంగతి. స్నేహితులతో ఆన్‌లైన్‌లో పోటీ ఆటలు ఆడదామనుకుంటే కొనకండి. వాలొరంట్, ఫోర్ట్‌నైట్ స్టీమ్ ఓఎస్ మీద నడవవు, కారణం మోసం చేసి ఆడేవాళ్లని పట్టే వాటి యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్. ఏపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు నడిచింది, 2024 అక్టోబర్ చివర్లో లినక్స్‌కి తలుపు మూసేశారు. నడిచే ఆటని కూడా రేపు ఆపేయొచ్చన్నమాట. బాల్డర్స్ గేట్ 3 లాంటి పెద్ద ఆటలు నడుస్తాయి కానీ మూడో అంకంలో జనం నిండిన నగరంలోకి వెళ్లగానే ఆయాసపడతాయి. కొన్ని ఆటల్లో అక్షరాలు మరీ చిన్నవి. బరువు 640 గ్రాములు, వెల్లకిలా పడుకుని ఆడితే చేతులు లాగేస్తాయి.

బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 3 నుంచి 12 గంటలు. పెద్ద ఆటలకి ఆ మూడు కూడా రాదు, చిన్న ఆటలకి హైదరాబాద్ విమానంలో మొదటి అంచె చాలావరకు గడిచిపోతుంది. ఎక్కే ముందు ప్రతి ఆటనీ ఇంటి వైఫైలో ఒకసారి తెరిచి చూసుకోండి. కొన్ని ఆటలు మొదటిసారి నెట్ అడుగుతాయి, ఆకాశంలో తెలిస్తే లాభం లేదు. టీవీకి కలపడానికి ఒక చవక డాక్ కొన్నాను, పేరెందుకులే, నెల తిరక్కుండానే దాని హెచ్‌డీఎంఐ పోయింది.

ఇప్పుడు ధరలు, ధరలతో పాటు రాజకీయం. ఇక్కడ డాలస్‌లో మా వీకెండ్ భోజనాల దగ్గర టారిఫ్‌ల మీద, అంటే దిగుమతి సుంకాల మీద, వాదన రాని రోజు లేదు. సుంకం చైనావాడు కడతాడని ఒక అన్నయ్య ఇప్పటికీ గట్టిగా అంటారు. కట్టేది సరుకు దిగుమతి చేసుకునే అమెరికన్ కంపెనీ, అదీ ఇక్కడి కస్టమ్స్ దగ్గర. ఆ తర్వాత ఎవరి జేబు మీద పడుతుందో ఊహించడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు.

ఆటల వాళ్లకి ఇది పాత గొడవే. 2019లో కన్సోళ్లు, అంటే ఆటలాడే యంత్రాలు, చేసే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ కలిసి ట్రంప్ ప్రభుత్వానికి ఉత్తరం రాశాయి. అమెరికాకి వచ్చే కన్సోళ్లలో 96 శాతానికి పైగా చైనాలో తయారైనవేనని, సుంకం వేస్తే కొనేవాళ్లే నష్టపోతారని. ఆసారి చైనాతో ఒప్పందం కుదిరి గండం తప్పింది. అప్పుడే నింటెండో కొంత తయారీని వియత్నాంకి మార్చుకుంది. తీరా 2025 ఏప్రిల్ 2న ట్రంప్ ప్రకటించిన సుంకాల పట్టికలో వియత్నాంకి 46 శాతం రాశారు! నింటెండో కొత్త కన్సోల్ స్విచ్ 2 ప్రీఆర్డర్లు అమెరికాలో వాయిదా పడ్డాయి. తర్వాత ఫోన్లకి, కంప్యూటర్లకి మినహాయింపు ఇచ్చారు, కన్సోళ్లకి ఇవ్వలేదు. చేతిలో పట్టుకునే ఫోన్ అవసరం, చేతిలో పట్టుకునే ఆట విలాసం అనుకున్నారేమో.

కన్సోల్ పాతబడేకొద్దీ చవకవ్వాలి, మేం పెరిగిన లెక్క అది. 2020లో 499 డాలర్లకి వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 2025 అక్టోబర్‌కి 649 అయింది. 2017 నాటి స్విచ్ 299 నుంచి 339కి ఎక్కింది. కంపెనీలు ప్రకటనల్లో టారిఫ్ అన్న మాట వాడకుండా 'మార్కెట్ పరిస్థితులు' అంటాయి. ప్రభుత్వంతో ఎందుకొచ్చిన తంటా అని కావచ్చు. మా గుంపులో డెమొక్రాట్లని మెచ్చుకునేవాళ్లు కూడా ఒకటి మర్చిపోతారు, చైనా మీద పాత సుంకాల్ని బైడెన్ కూడా చాలావరకు అలాగే ఉంచారు. నాకు ఇద్దరి మీదా గౌరవం లేదు, ఓటు కూడా లేదు, బిల్లు మాత్రం వస్తుంది.

మా మరిది హైదరాబాద్ నుంచి 'వదినా, వచ్చేటప్పుడు నాకూ ఒకటి తెచ్చిపెట్టవా' అని అడుగుతున్నాడు. ఇండియాలో వాల్వ్ దీన్ని అధికారికంగా అమ్మదు. అక్కడ దొరికేవన్నీ ఎవరో దిగుమతి చేసినవే, పాడైతే పట్టించుకునే నాథుడు ఉండడు. అతను రోజూ ఆడేది వాలొరంట్ కాబట్టి వద్దని చెప్పాను. కాకపోతే, అంటే సింగిల్ ప్లేయర్ ఆటల మనిషై ఉంటే, వాల్వ్ వాళ్లే సరిచేసి అమ్మే రిఫర్బిష్డ్ డెక్ కోసం కాచుకోమనేదాన్ని. అమెరికాలో దానికి కొత్తదానితో సమానంగా ఏడాది వారంటీ ఇస్తారు, స్టాక్ మాత్రం వచ్చిన గంటల్లోనే అయిపోతుంది.