ఒక్క రక్ చాలా, ఇద్దరు కావాలా?

మెల్‌బోర్న్‌లో ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, సీజన్ నడుస్తుంటే గురువారం సాయంత్రం జట్లు ప్రకటిస్తారు. పేర్లు బయటికి రాగానే ఆట తెలిసినవాళ్ల కళ్లు ముందు ఒకచోటికే పోతాయి. రక్‌మన్ ఒక్కడేనా, ఇద్దరా? టార్నీట్, పాయింట్ కుక్ వైపు స్థిరపడి ఈ ఆటకు కొత్తగా అలవాటు పడుతున్న మనవాళ్లకు ఇంతోటి దానికి అంత గొడవేమిటి అనిపించవచ్చు. ఐదో బౌలరా, ఏడో బ్యాట్స్‌మనా అని మనం తెల్లవార్లూ వాదించుకోమూ, ఇదీ అలాంటిదే. పైకి ఒక్క పేరు తేడా, లోపల జట్టు అల్లికే వేరు.

రక్ పని చెప్పడానికి తేలిక. అంపైర్ బంతిని పైకి వేస్తాడు. చెరో జట్టు నుంచి ఒకడు, ఇద్దరూ రెండు మీటర్లకు అటూఇటూ ఉన్నవాళ్లే, గాల్లోకి లేచి అరచేత్తో బంతిని తమ మిడ్‌ఫీల్డర్ ముందు పడేలా తడతారు. మైదానం నడిబొడ్డున ఇది క్వార్టర్ మొదట్లో ఒకసారి, ప్రతి గోల్ తర్వాత ఒకసారి జరుగుతుంది. రెండు జట్లూ తలా 12 గోల్స్ కొడితే మధ్యలోనే 28 సార్లు. మైదానం అంతటా పడే బాల్-అప్‌లు, గీత బయటి నుంచి వేసే త్రో-ఇన్‌లు ఇవి కాక. 2017 నుంచి మూడో మనిషి పక్క నుంచి ఎగిరి తట్టడం నిషేధం. అంటే ప్రతిచోటికీ జట్టుకొక రక్ చేరుకోవాల్సిందే.

అసలు లెక్క నిమిషాల్లో ఉంది. క్వార్టర్ పేరుకు 20 నిమిషాలే అయినా, ఆట ఆగిన సమయం కలిపితే అరగంట దాకా సాగుతుంది. మ్యాచ్ 120 నిమిషాలు అనుకుందాం. ఒంటరి రక్ 85 శాతం సేపు మైదానంలో ఉండగలిగితే 102 నిమిషాలు అతనివి. మిగిలిన 18 నిమిషాలు ఇంకొకడు సర్దాలి. ఇప్పుడు ఇద్దరు సిసలైన రక్‌లను పెట్టి చూడండి. తలా 80 శాతం ఆడితే ఇద్దరివీ కలిపి 192 నిమిషాలు. రక్ పనికి కావలసింది 120. మిగతా 72 నిమిషాలు వాళ్లలో ఒకడు ఇంకెక్కడో, మామూలుగా గోల్ ముందర, నిలబడాలి. ఇద్దరు రక్‌ల వాదనంతా ఆ 72 నిమిషాల మీద నడవాలి. మనవాళ్లేమో హిటౌట్ అంకెలు పట్టుకుని కొట్టుకుంటారు. హిటౌట్ లెక్కలో బంతి తట్టడమే చూస్తారు, అది ఎవరి చేతిలో పడిందో చూడరు. 40 హిటౌట్‌లు కొట్టి, అందులో సగం ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డర్ల కాళ్ల దగ్గరే పడేస్తే ఆ అంకె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పొడుగు ఫార్వర్డ్‌తో సర్దుకోవడం

ఎక్కువ జట్లు పట్టే దారి ఇది. ఒక రక్, అతను ఊపిరి తీసుకునే వేళ ఆ పని చూసుకునే ఒక పొడుగు ఫార్వర్డ్. బ్రిస్బేన్ చాలాకాలం ఆస్కర్ మెకినర్నీ, జో డేనియర్‌లతో ఇలాగే నడిపింది. దీనిలో పెద్దగా ఎవరూ గమనించని లాభం ఒకటుంది. గోల్ ముందు 50 మీటర్ల వంపు లోపల త్రో-ఇన్ పడితే ఫార్వర్డే వెళ్లి ఎగురుతాడు. అసలు రక్ ఒక కిక్ దూరం వెనక్కి జరిగి, ఎదుటివాళ్లు కంగారుగా బయటికి తన్నే బంతి కోసం కాచుకుంటాడు. నాలుగు క్వార్టర్లలో ఇలాంటివి పది తగ్గినా కాళ్లకు చాలా తేడా పడుతుంది.

నష్టం ఎక్కడంటే, ఆ ఫార్వర్డ్ మధ్యలోకి వెళ్లిన నాలుగు నిమిషాల్లోనే మీ మిడ్‌ఫీల్డ్ బంతి గెలిచి ముందుకు తంతుంది. చూస్తే అక్కడ పట్టేవాడు ఉండడు. పైగా అంత బరువైన మనుషులతో ఢీకొని వచ్చిన కాళ్లతో 45 మీటర్ల నుంచి గోల్‌కు నిదానంగా గురి చూసి తన్నే సెట్ షాట్ తిన్నగా పోవడం కష్టం. ఆ ఫార్వర్డ్ ఒళ్లు పూర్తిగా బాగుండకపోతే ఈ ఏర్పాటు మొత్తం కూలుతుంది. 2022 గ్రాండ్ ఫైనల్‌కు సిడ్నీ చేసింది అదే. టామ్ హికీ వెనక ఆసరాగా ఉండాల్సిన సామ్ రీడ్‌ను గాయం అనుమానం ఉన్నా దింపింది. మ్యాచ్ ముగియకముందే అతను బయటికి వచ్చేశాడు. అదే వారం జీలాంగ్ మాక్స్ హోమ్స్‌ను తొడ కండరం పట్టేసిందని ఆపేసి మార్క్ ఓకానర్‌ను తీసుకుంది. జీలాంగ్ 81 పాయింట్లతో గెలిచింది. ఒక్క ఎంపిక వల్లే 81 పాయింట్లు పోయాయని అనడం అన్యాయం. అయినా రెండు పనులు మోయాల్సినవాణ్ని సగం ఒంటితో దింపడం సెలెక్టర్ల తప్పే.

ఇద్దర్ని దింపితే

ఇది కుదిరితే అందం వేరు. 2021లో మెల్‌బోర్న్ మాక్స్ గాన్, లూక్ జాక్సన్‌లతో ఆడింది. గాన్ రెండు మీటర్లు దాటిన మనిషి. జీలాంగ్ మీద ప్రిలిమినరీ ఫైనల్‌లో, అంటే గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టులో, ఐదు గోల్స్ కొట్టాడు. జాక్సన్ ఆ ఏడాది ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు గెలిచిన కుర్రాడు, బంతి నేలకు తగిలాక మిడ్‌ఫీల్డర్‌లా వంగి తీసుకోగలడు. పెర్త్‌లో జరిగిన గ్రాండ్ ఫైనల్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్‌ను 74 పాయింట్లతో ఓడించారు. 2018లో వెస్ట్ కోస్ట్‌కు నిక్ నైటనుయ్ మోకాలి గాయంతో దూరమైతే స్కాట్ లైసెట్, నేథన్ వార్డీ ఇద్దర్నీ దింపి గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్‌ను 79-74తో గెలిచారు. 2023 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ డార్సీ కామెరన్, మేసన్ కాక్స్‌లతో బ్రిస్బేన్‌ను 90-86తో గెలిచింది.

ఇవి చూసి ఇద్దరుంటే కప్పు ఖాయం అనుకునేవాళ్లు 2023 మెల్‌బోర్న్‌ను కూడా చూడాలి. జాక్సన్ ఫ్రీమాంటిల్‌కు వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి కాలింగ్‌వుడ్ నుంచి బ్రోడీ గ్రండీని తెచ్చారు. కాగితం మీద దేశంలోనే ఉత్తమ రక్‌లలో ఇద్దరు ఒకే జట్టులో. గాన్ గాయపడి లేనప్పుడు గ్రండీ ఒంటరిగా చక్కగా ఆడాడు కూడా. గాన్ తిరిగొచ్చాకే చిక్కు మొదలైంది. గ్రండీ బలం రక్‌లో, రక్ అయ్యాక నేల మీద బంతి వెంట పడడంలో. గోల్ ముందర వీపు మీద డిఫెండర్‌ను మోస్తూ, ఎప్పుడు పరిగెత్తాలో చూసుకుంటూ నిలబడే పని అతనిది కాదు. సీజన్ రెండో సగంలో అతణ్ని కింది స్థాయి లీగ్ అయిన వీఎఫ్ఎల్‌లోని కేసీ జట్టుకు పంపారు. ఏడాది చివర్లో అతను సిడ్నీకి వెళ్లాడు, ఒంటరి రక్‌గా ఆడి 2024లో గ్రాండ్ ఫైనల్ దాకా చేరాడు. మనిషి అదే, ఆటా అదే. పెట్టిన చోటు తప్పు.

ఈ తప్పు మైదానంలో ఎలా కనబడుతుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. 2019 నుంచి 6-6-6 నియమం ఉంది. మధ్యలో బంతి వేసేటప్పుడు ముందు ఆరుగురు, మధ్యలో ఆరుగురు, వెనక ఆరుగురు ఉండాలి. మీ రెండో రక్ ఆ ముందు ఆరుగురిలో ఒకడు. అతని మీద ఉన్న డిఫెండర్ మొదటి పది నిమిషాలు అంటిపెట్టుకునే ఉంటాడు. ఇతను ఖాళీలోకి పరిగెత్తి బంతి అడగడం లేదని గ్రహించగానే మెల్లగా వదిలేసి పది అడుగులు పక్కకు జరుగుతాడు. ఆ తర్వాత మీ అసలు ఫార్వర్డ్ మీదికి పోయే ప్రతి ఎత్తు కిక్‌కూ ఈ డిఫెండరే ముందు ఎగిరి మార్క్ పట్టేస్తుంటాడు, అంటే తన్నిన బంతిని గాల్లోనే అందుకుంటాడు. స్టాండ్స్‌లో జనం కిక్ కొట్టినవాణ్ని తిడతారు. తప్పు అతనిది కాదు. పట్టడం కుదరక బంతి కింద పడిందా, ఇంకా ఘోరం. రెండు మీటర్ల మనిషి వెనక్కి తిరిగేలోపు పొట్టి డిఫెండర్ తీసుకుని వింగ్ దాటిపోతాడు. టాకిల్ ఒక్కటీ పడదు, ఎదుటి జట్టు అంచెలంచెలుగా అటువైపు గోల్ దాకా పోతుంది.

అందుకే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. రక్ అన్న మాట పక్కన పెట్టినా, ఇతను మీ మొదటి ఆరుగురు ఫార్వర్డ్‌లలో ఉంటాడా? ఉంటే దింపండి. లేకపోతే అతని పేరెంత గొప్పదైనా ఆపండి.

రిచ్‌మండ్ చేసిన పని

2017లో రిచ్‌మండ్ పొడుగువాళ్లనే తగ్గించేసింది. రక్ టోబీ నాంకర్విస్ ఒక్కడే. అతనికి విరామమిచ్చింది షాన్ గ్రిగ్, మిడ్‌ఫీల్డర్. గ్రిగ్ బంతి తట్టి గెలవక్కర్లేదు. ఎదుటి రక్‌కు ఒళ్లు అడ్డం పెట్టి తిన్నగా ఎగరనివ్వకుండా చేస్తే చాలు, బంతి కింద పడగానే తన జట్టుకు నాలుగో మిడ్‌ఫీల్డర్ ఉన్నట్టే. ముందు జాక్ రీవోల్ట్ ఒక్కడే పొడుగు. చుట్టూ బట్లర్, కస్టానియా, డేనియల్ రియోలీ లాంటి పొట్టి కుర్రాళ్లు కసిగా టాకిల్ చేసేవాళ్లు. గ్రాండ్ ఫైనల్‌లో అడిలైడ్‌ను 48 పాయింట్లతో ఓడించారు. దీన్ని చాలా జట్లు కాపీ కొట్టబోయి బోర్లాపడ్డాయి. కుర్రాళ్ల ఒత్తిడి లేకుండా ఒక్క పొట్టి రక్‌ను మాత్రం తెచ్చుకుంటే మిగిలేది ఓడిపోయిన రక్ పోటీలే. 2019 గ్రాండ్ ఫైనల్‌లో అదే రిచ్‌మండ్ నాంకర్విస్‌తో పాటు ఐవన్ సోల్డోనూ దింపి 89 పాయింట్లతో గెలిచిందన్నది కాపీ కొట్టినవాళ్లు మరిచిపోతారు.

2026 నియమాలతో మారినది

2025 దాకా బెంచ్ మీద ఎప్పుడైనా మార్చుకోగల నలుగురు, ఒక్కసారే దింపగల ఒక సబ్. 2026 నుంచి సబ్ పోయి ఐదుగురూ మామూలు ఇంటర్‌చేంజ్ ఆటగాళ్లే. మార్పులు మాత్రం 75కు మించకూడదు. ఐదో కుర్చీ రెండో రక్‌కే అని చాలామంది తీర్మానించేశారు. ఇక్కడ ఇంకో దారి తెరుచుకుంది, దాని గురించి తక్కువ మాట్లాడుతున్నారు. ఇద్దరు రక్‌లను తీసుకోండి, కానీ ఇద్దర్నీ ఒకేసారి మైదానంలో ఉంచకండి. ఒకడు 80 నిమిషాలు, ఒకడు 40. ఒకడు లోపలుంటే ఇంకొకడు బెంచ్ మీదే. అప్పుడు మిగతా 21 మంది 17 స్థానాలు పంచుకుంటారు, తలా 97 నిమిషాలు. ఒంటరి రక్ 102 నిమిషాలు ఆడితే మిగతా 22 మందికి తలా సుమారు 93న్నర. అంటే మీరు చెల్లించేది మనిషికి మూడున్నర నిమిషాల అలసట. దానికి బదులు గోల్ ముందర ఆ 72 నిమిషాల బరువు తప్పుతుంది, నాలుగో క్వార్టర్‌లోనూ తాజా కాళ్ల రక్ దొరుకుతాడు. క్వార్టర్‌కు మూడు సార్లు మార్చినా 75లో 12 ఖర్చు, భరించదగ్గదే. పరుగు మీద ఆడే జట్లకు ఆ మూడున్నర నిమిషాలు కూడా ఎక్కువే కావచ్చు, వాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది.

ఇంకో రెండు మార్పులు ఒకదానికొకటి ఎదురు లాగుతున్నాయి. రెండు 50 మీటర్ల వంపుల మధ్య చివరగా కిక్ లేదా హ్యాండ్‌బాల్ చేసిన జట్టు బంతి గీత దాటితే ఇప్పుడు ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్. త్రో-ఇన్‌లు తగ్గితే రక్ పోటీలు తగ్గుతాయి, రెండో రక్ విలువా తగ్గుతుంది. మధ్యలో బంతి వేసేటప్పుడేమో రక్‌లు నడిమి గీత దాటి ముందే ఒకరినొకరు పట్టుకోకూడదు, పరిగెత్తి ఎగరాల్సిందే. కుస్తీ పట్టి గెలిచే బరువైన రక్‌లకు ఇది దెబ్బ, ఎగిరేవాళ్లకు పండగ. ఎగిరినప్పుడు మోకాళ్లు ఢీకొనే ప్రమాదం మాత్రం ఉంటుంది. మోకాలి వెనక లిగమెంట్ తెగిపోతోందనే 2005లో మధ్యలో 10 మీటర్ల వలయం గీసి రక్‌ల పరుగు కుదించారు.

గాయాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఒంటరి రక్ దెబ్బతింటే ఏమిటన్నది ఇద్దరు రక్‌ల పక్షం వాళ్ల పెద్ద ఆయుధం. నిజమే, తలకు దెబ్బ తగిలి కంకషన్ తేలితే కనీసం 12 రోజులు ఆట లేదు. కానీ 2024 ప్రిలిమినరీ ఫైనల్‌లో మెకినర్నీ భుజం తప్పింది. తర్వాతి వారం గ్రాండ్ ఫైనల్‌కు బ్రిస్బేన్ బయట సిద్ధంగా ఉంచుకున్న డార్సీ ఫోర్ట్‌ను తెచ్చి 60 పాయింట్లతో గెలిచింది. రెండో రక్ క్లబ్బులో ఉండాలి, ఆడే స్థితిలో ఉండాలి. ప్రతి వారం జట్టులోనే ఉండాలని లేదు.

వాతావరణం సంగతి రెండు ముక్కల్లో. డాక్‌లాండ్స్‌లో మార్వెల్ స్టేడియం పైకప్పు మూస్తే బంతి పొడిగా ఉంటుంది, ఎత్తు మార్క్‌లు నిలుస్తాయి, ఇద్దరు పొడుగువాళ్లను పెట్టినా నష్టం లేదు. జూన్, జులైలో ఎంసీజీ మీద రాత్రి తడికి బంతి సబ్బులా జారుతుంది, అప్పుడు ఒక రక్, ఒక అదనపు పొట్టి ఫార్వర్డ్. జీలాంగ్‌లోని కార్డీనియా పార్క్ 115 మీటర్ల వెడల్పే, ఇరుకులో ఆట ఆగి రక్‌లు ఎగరాల్సిన సందర్భాలు (స్టాపేజ్‌లు) పెరుగుతాయి కాబట్టి అక్కడ మాత్రం రెండోవాడికి కాస్త పనుంటుంది.

జాబితా చదివేటప్పుడు రాసిన స్థానాలు నమ్మకండి. రెండో రక్‌ను ఫార్వర్డ్ పాకెట్ అని వేస్తారు, లేదా ఇంటర్‌చేంజ్‌లో పడేస్తారు. ఎవరిని తప్పించి అతణ్ని తెచ్చారో చూడండి. పొడుగు ఫార్వర్డ్ పోయి వస్తే పెద్ద మార్పు కాదు. పొట్టి ఫార్వర్డ్ పోయి వస్తే ముందు వరుసలో ఒత్తిడి అమ్మేసి ఎత్తు కొన్నట్టు.

ఈ లెక్కకు అసలు పరీక్ష ఇప్పుడు సెయింట్ కిల్డాలో. రోవన్ మార్షల్ ఉండగానే కార్ల్‌టన్ నుంచి టామ్ డి కోనింగ్ వచ్చాడు. ఇది గ్రండీ కథ మళ్లీ కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇద్దరూ గోల్ ముందర మార్క్ పట్టగలరు. కొత్త నియమం కింద మధ్యలో డి కోనింగ్ ఎగరాలి, త్రో-ఇన్‌లలో ఒళ్లు అడ్డం పెట్టే పని మార్షల్ చూడాలి. తడి రాత్రి అయితే ఒకణ్ని బెంచ్ మీదే ఎక్కువసేపు కూర్చోబెట్టాలి. ఎవరినన్నది, మొదటి క్వార్టర్‌లో 50 మీటర్ల లోపల ఎవరి చేతుల్లోంచి ఎన్ని జారాయో లెక్కపెడితే తెలిసిపోతుంది.